తూకం

పెన్నలో ఇసక జల్లిస్తుంటే
తట్టలో మిగిలిందీ గుండు.
చూడ్డానికి వొలిచిన టెంకాయ,
చంకనెత్తుకుంటే నెలల బిడ్డ.

పాత ఇనుప కొట్లో జిలానీ
తుప్పు గోకి, వాసన చూసి,
"ఫిరంగి గుండు, పెంచలమ్మా.
ఇంగిలీషోడిదో, పరాసోడిదో" అన్నాడు.

ఏడేళ్ళ తగువంట అది.
మంచు నేలల్లో తోళ్ళ కోసం,
దీవుల్లో చెరకు కోసం,
ఇక్కడ, నవాబు తమ్ముడు అలిగి
తలుపులేసుకున్న మట్టికోట కోసం.
పెన్న ఎటు పారుతుందో ఎరగని రాజులిద్దరు.
బీటపడ్డ గోడకి రాత్రికి రాత్రి
మట్టి తొక్కింది మాత్రం మా కాళ్ళే.

ఓడినవాడి ఓడలు సముద్రం వదిలాయి.
సంతకం ప్యారిస్‌లో.
ఆ సిరా మా శిస్తు లెక్కల్లోకి ఇంకడానికి
మరో నలభై ఏళ్ళు.

"నాలుగున్నర కిలోలు. తుప్పుకి పావు తీసేస్తా."
డబ్బులు కొంగున ముడేస్తూ అడిగింది:
"ఇంతకీ గెలిచిందెవరబ్బయా?"
జిలానీ నవ్వి
కొట్టు మీది బోర్డు చూపించాడు.
ఆమెకి చదువు రాదు.

వీధి చివర ఆటో ఆపి
"స్టోనసుపేట నించి సంతపేటకెంత?" అంటోంది.
దొర పేరు
నాలిక మీద ఎప్పుడో అరిగిపోయింది.