పడే చోటు

హెలికాప్టర్ దిగి, ముక్కు తుడుచుకుంటూ
కుర్రాడొకడు కాగితం చదివాడు:
గురువారం పొద్దుట్నుంచి చీకటి పడేదాకా
ఎవరూ అడవిలోకి పోకూడదు.
అందరం సంతకాలు పెట్టాం.
జోసిమా మాత్రం పెన్ను గాల్లోనే ఆపి అడిగాడు,
"దీని నడుము ఎన్ని మూరలు?"

మెజెన్ ఏటి ఒడ్డున మా పడవలన్నీ
ఆకాశం విడిచిపెట్టిన తొడుగులే.
చెక్క పడవ నాలుగేళ్లకు చివుకుతుంది,
రాకెట్ రేకు మనవడి చేతికొస్తుంది.
ఇన్నాళ్లూ పడ్డవి సన్నవి:
ఒక మనిషి, ఒక వల, ఒక కుక్క.
ఇది కొత్తది. కొండంత బరువు మోసేదట.
"తొలిసారి కదా, పైన ఉత్త ఇనప దిమ్మే పెడతారు"
అన్నాడు కుర్రాడు.
కపితొలీనా నవ్వింది:
కొత్త గుర్రానికి మేమూ ఇసుక మూటలే కడతాం.

గురువారం, నిషేధానికి బెత్తెడు ఇవతల నిలబడ్డాం.
ముందు కుక్కలకు తెలిసింది.
తర్వాత మబ్బు వెనక ఎవరో
పాత దుప్పటిని నిదానంగా చింపినట్టు,
ఆ చింపడం ఎంతకీ అయిపోనట్టు.
గెలిచిందని రాత్రి రేడియో చెప్పింది.
అప్పటికే మంచుబండికి తాళ్లు బిగిస్తున్నాం.

మూడోనాడు దొరికింది,
గడ్డకట్టిన చిత్తడిలో సగం దిగబడి.
పాతవాటి విషపు కంపు కాదు,
కిరోసిన్ వాసన,
కరెంటు రాకముందు మా అమ్మ చేతుల వాసన.
జోసిమా గొడ్డలి మడమతో కొట్టి
చెవి ఆనించి విన్నాడు.
లోపలంతా తేనెపట్టులా గళ్లు గళ్లు. మందం.
వంచబోతే వంగదు.
నలభై పడవలు కట్టిన చేతులు
చంకల్లో దోపుకుని చాలాసేపు ఊరుకున్నాడు.
"మనకోసం చేసింది కాదులే" అన్నాడు చివరికి,
అంతకుముందువన్నీ మాకోసమే చేసినట్టు.

సన్నగా ఉన్నానని నన్ను లోపలికి పంపారు.
టార్చి పళ్ల మధ్య కరుచుకుని పాకాను.
రెండు ట్యాంకుల నడిమి సందులో,
ఒక గడిలో, పెన్సిల్ రాత:
"మళ్లీ కొలిచాను. సరిపోయింది. ఫయీనా."

ఏ ఊరి ఫయీనా, ఏ రాత్రి షిఫ్టులో?
నిప్పు మీద ఎక్కి వెళ్లి,
గాలి పలచబడే దాకా పోయి,
ఇంత ఎత్తు నుంచి పడ్డా
ఒక్క అక్షరం చెరగలేదు.

మిగతాది తుక్కు కొనేవాడికి పోయింది.
ఆ గడి మటుకు రంపంతో కోసి తెచ్చుకున్నాను, జానెడు.
ఇప్పుడది మా పడవ చిల్లికి అతుకు,
రాత లోపలివైపుకు.
నీళ్లు తోడినప్పుడల్లా చదువుకుంటాను,
ఒక్కోసారి పైకి.