పిల్లల కోడి

సిరొంచ దిగువ, ప్రాణహిత ఇసుకల
ఓదెలు డోలంత టెలిస్కోపు.
దానికోసమే కొన్న రెడ్యూసర్,
ఆకాశాన్ని కుదించే గాజుబిళ్ళ.
అయినా పిల్లల కోడి సగమే పట్టింది.

"నీ సన్న గొట్టానికి పెట్టి చూడు" అన్నడు.
పెట్టిన. కోడి మొత్తం దిగింది,
మూలల పిల్లలకు మాత్రం తోకలు మొలిచినయ్.

బోరు పైపు ముక్క కోసి
రింగు చేసి నడుమ బిగించినం.
ఎక్కువైంది. గరుకు కాయితంతో
వెంట్రుక మందం, మళ్ళీ వెంట్రుక మందం.
ఏ గొట్టానికి ఎంత ఎడం కావాలో
గాజుకు తెలువది.

అవతలి ఒడ్డున తెలంగాణ లారీ లైటు
ఒక ఫోటో పాడుచేసి పోయింది.

మూడు దాటింది. తోకలన్నీ రాలినయ్,
ఒక్కటి తప్ప.
మళ్ళీ రింగు విప్పబోతే
ఓదెలు చెయ్యి పట్టుకున్నడు:
"ఉండనీ. అది పుంజుపిల్లేమో."