డోర్ లాక్

దెయ్యాన్ని మొదటి చిత్తుప్రతిలోనే తీసేశాను.
తెల్లచీర, మల్లెల వాసన, నడిరేయి కుక్క ఏడుపు,
అన్నీ ఊడ్చి తీసుకెళ్ళి హంద్రీలో పారబోశాను.
అంత సామానుకు నా దగ్గర చోటు లేదు.
బండిమెట్టలో, వంటింటి గట్టు మీద,
పప్పు ఉడికేలోపు రాసుకునే దాన్ని.
నాకొక అంకె చాలు.

ఆ అంకెను తమ్ముడు తెచ్చిచ్చాడు.
మద్దిలేటి, ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూస్తాడు.
ఒక పొద్దున ఉగ్గాని తింటూ, బజ్జీ కొరికి,
ఎండ ముదిరిందన్నంత మామూలుగా అన్నాడు:
"జొహరాపురం రోడ్డులో ఒగ ఇల్లుండాదిక్కా.
మూడేండ్లుగా తాళం.
కిటికీ సందులోంచి టార్చేస్తే
మీటరు తిరగతానే ఉండాది.
నెలకు పదకొండు యూనిట్లు. ప్రతి నెలా పదకొండే."
"లోపల ఎవరన్నా ఉండారేమోరా?"
"ఎవరుంటారు? సందులోంచి చూసింది లెక్కకు రాదు.
డోర్ లాక్ అని కొట్టేసి వస్తా."
ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

పదకొండు.
ఫ్రిజ్జుకు చాలదు.
పగలూ రాత్రీ వెలిగే ఒక జీరో బల్బుకు
సరిగ్గా సరిపోతుంది.
కానీ ఆర్పడం మరిచిపోవడానికి
ఒక మనిషి కావాలి కదా.

ఆ ఇంట్లో ఒక ఆడమనిషిని పెట్టాను.
సుంకులమ్మ అని పేరు రాసి, కొట్టేశాను.
పేరుంటే చదివేవాళ్ళు
ఆమె ఇంకెవరో అనుకుంటారు.
చనిపోయిందని చెప్పినా అంతే,
హమ్మయ్య అని పేజీ తిప్పేస్తారు.
అందుకని బతికే ఉంచాను.
వండుకుంటుంది, ఊడ్చుకుంటుంది,
వరదొచ్చిన ఏడు గోడ మీద ఎండిపోయిన నీటిగీతను
తడిగుడ్డతో రుద్దుతుంటుంది.
తలుపు తీసే ఉందనుకుంటుంది.

ఆ గీత మా గోడదే.
ఎన్నిసార్లు సున్నం వేసినా పైకి తేలుతుంది.
కథకు కావాలని ఆమెకిచ్చాను.
అక్కడినుంచి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది:
నా చాట,
నేను మెట్టెలు ఈడ్చి నడిచే తీరు,
మధ్యాహ్నం మూడింటికి
నాకు తప్ప ఎవరికీ తెలియని ఈ ఇంటి వాసన.
ఇస్తూ పోయాను.
ఇవ్వకపోతే వాక్యం కదలడం లేదు.

నెలకొకసారి ఎవరో వచ్చి మూడుసార్లు తలుపు తడతారు.
పక్కింటికేమో అనుకుంటుంది.
కాదని తెలిసి, "వస్తాన్నా" అందామని
గొంతు సర్దుకునేసరికి
చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోతుంది.
కథంతా ఇంతే.
ఆ కాస్త ఆలస్యం రాయడానికి నలభై రోజులు పట్టింది.
'హఠాత్తుగా' అన్న మాట ఎక్కడెక్కడుందో వెతికి తీసేశాను.
'చీకటి' ఒక్కచోట మిగిలింది,
అది బీరువా వెనకాలది, ఉండనిచ్చాను.

నిన్న సాయంత్రం చివరి పేజీ అయింది.
గాలికోసం వాకిట్లోకి వస్తే
గ్రిల్లుకు దోపిన కరెంటు బిల్లు.
మా ఆయన పేరే. మా సర్వీసు నంబరే.
రీడింగు ఉండాల్సిన చోట
డోర్ లాక్.

మద్దిలేటికి ఫోన్ చేశాను.
"మంగళవారం వచ్చి మూడుసార్లు కొడ్తి గదక్కా.
పలకకుంటివి. నంద్యాలకు పోయినావేమో అనుకుంటి.
తాళం గూడా చూసినట్టే ఉండాదే..."
నవ్వాడు. నేనూ నవ్వాను అనుకుంటా.

మంగళవారం ఇక్కడే ఉన్నాను, ఈ గట్టు దగ్గరే.
ఆ మూడు తట్లూ విన్నాను.
విని, బాగున్నాయని,
కథలో పెట్టుకున్నాను.

ఎక్కడో పప్పు మాడుతున్న వాసన.
పక్కింట్లోనేమో.