పాత కొలత

ఎస్టోనియా తూర్పు అంచున, కోహ్ట్లా-యార్వేలో
బస్టాండు వెనక మా వ్యాను ఆగుతుంది,
మంగళవారం, శుక్రవారం.
ఒక చేత్తో వాడిన సూదులు తీసుకుంటాను,
ఇంకో చేత్తో కొత్తవి ఇస్తాను.
మధ్యలో టీ. చక్కెర ఎక్కువ వేసి.
పదకొండేళ్ళుగా ఇదే నా పని.
అంతకుముందు ఆ కిటికీకి అవతల నిలబడ్డదాన్నే,
అడిగితేనే చెబుతాను.

ఊరి పక్కన బూడిద కొండలున్నాయి,
నేలలోంచి తవ్విన రాయిని మండించగా మిగిలినవి.
పైన మంచు పేరుకున్నా
లోపల ఎక్కడో ఇంకా వేడి ఉంటుందంటారు.
నేను దాన్ని పోలికగా వాడను.
ఇక్కడ అందరూ వాడేశారు.

ఆ శుక్రవారం రోదియోన్ వచ్చాడు.
పద్నాలుగు నెలలు జైల్లో ఉండి
ముందు రోజే బయటపడ్డాడు.
బుగ్గలు నిండాయి. పళ్ళు కట్టించుకున్నాడు.
"ఎప్పటివే ఇవ్వు, జినాయిదా."

ఇచ్చాను. ఇవ్వకపోతే మానేస్తాడని
ఇంతవరకూ నాకెవరూ చూపించలేదు.
కానీ కిటికీ మూయకుండా చెప్పాను:

నీ చేతికి పాత కొలత గుర్తుంది,
నీ ఊపిరికి గుర్తు లేదు.
ఒళ్ళు అన్నీ మరిచిపోయింది.
కోరిక ఒక్కటే, వడ్డీతో సహా
చిట్టా పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.
విడుదలైన మొదటి రెండు వారాలే
అన్నిటికన్నా గండం.
పాపం చేసినందుకు కాదు, మానినందుకు.
మానిన ఒళ్ళు పసి ఒళ్ళు.
ఒంటరిగా మాత్రం వద్దు.

"మా అమ్మ కూడా ఇంత పొడుగ్గా తిట్టలేదు"
అని నవ్వాడు.

వెనక నిలబడ్డ చెల్లెలు నవ్వలేదు.
తైసియా. రాత్రి బేకరీలో పని,
గోళ్ళ సందుల్లో పిండి.
ముక్కులో కొట్టే మందు డబ్బా ఆమె చేతిలో పెట్టాను.
భుజం కుదుపు, పిలువు, పలక్కపోతే ఇది కొట్టు,
అంబులెన్సుకి ఫోన్ చెయ్యి, ఊపిరి ఊదు.
లేచాడని వదిలెయ్యకు.
దీని బలం ముందు తీరిపోతుంది,
విషం బలం తర్వాత.

ఆదివారం రాత్రి జరిగింది.
స్నానాలగది గడియ
శుక్రవారం సాయంత్రమే తను ఊడదీసేసిందట.
లోపల గురక వినపడి
నిద్రపోయాడులే అని ముందు కుదుటపడిందట.
ఆ గురక నిద్ర కాదని
అరనిమిషం ఆలస్యంగా గుర్తొచ్చింది.
పెదాలు నేరేడు పళ్ళు.

లేచాడు. లేస్తూనే తిట్టాడు.
ఎందుకు లేపావు, ఎవరు లేపమన్నారు.
వాంతి, వణుకు, మళ్ళీ తిట్లు.
ప్రాణం పోసిన మందే
ఒంట్లోని మత్తునంతా ఒక్కసారిగా పెరికేస్తుంది.
ఆ తిట్లు దానివి,
అన్నవి కావు, అని నేను చెప్పి ఉండాల్సింది.
ఆ ఒక్కటీ చెప్పడం మరిచిపోయాను.

అంబులెన్సు వచ్చేదాకా అతన్ని నిద్రపోనివ్వలేదు.
చిన్నప్పటి మేడమెట్ల మీద
ఏ అంతస్తులో ఎవరుండేవారో అడిగింది.
మూడో అంతస్తులో కుట్టుమిషను ముసలమ్మ.
నాలుగులో? గుర్తు తెచ్చుకో. నాలుగులో?

మంగళవారం ఒక్కతే వచ్చింది.
ఖాళీ డబ్బా బల్ల మీద పెట్టింది.
టీ ముట్టలేదు.
"ఈ పొద్దు మెథడోన్ వరసలో నిలబడ్డాడు" అంది.
రేపటి సంగతి నేను అడగలేదు.
"ఇంకొకటి" అంది.

రెండిచ్చాను.
ఇంకా తొమ్మిది రోజులున్నాయి.