ఏడో నంబరు బావి

మింది దగ్గర, మూతపడిన షెడ్డు వెనక
నాలుగంగుళాల గొట్టం, దానికో తాళం.
మా ఆఫీసులో దీన్ని బావి అంటారు.
చేద లేదు, గిలక లేదు,
తొంగి చూస్తే మొహం కూడా కనబడదు.

నెలకోసారి వస్తాను.
నలభై అడుగుల తాడుకి సన్నటి గొట్టం కట్టి దించుతాను.
పైకొచ్చిన నీళ్ళు సీసా అంచు దాటి ఉబ్బేదాకా నింపి
మూత బిగించి, తలకిందులు చేసి చూస్తాను.
ఆవగింజంత గాలిబుడగ కనబడినా
పారబోసి మళ్ళీ మొదలు.

ఈ ఊళ్ళో సాయంత్రమైతే అందరూ గాలి కోసం బీచికి పోతారు.
నేను, గాలి తగిలితే చచ్చిపోయేవాళ్ళ తరఫున పనిచేస్తున్నాను.

సన్నిబాబు ఈ షెడ్డులోనే పదమూడేళ్ళు చేశాడు.
బేరింగులు, వాల్వులు, గ్రీజు పట్టిన ప్రతి ఇనప ముక్కనీ
ట్రైక్లోరో తొట్టిలో ముంచి తీసేవాడు.
"తియ్యగుంటాది పాపా వాసన.
మద్దేనానికి తల తేలిపోయీది.
కల్లు కర్చు కలిసొచ్చీది."
నవ్వుతూనే చేతులు చూపిస్తాడు,
వేలిముద్ర పడక రేషను మిషను
రెండుసార్లు తిప్పి పంపిన చేతులు.
మరి అడుగున మిగిలిన మడ్డి?
"ఎనకమాల పోసీవోళ్ళం. నేల తాగీసీది."

తాగలేదు నేల. పుక్కిట పట్టింది.
నీళ్ళకన్నా బరువైనది, ఇసక దాటి జారి
బంకమట్టి మీద కూర్చుంది ముప్పై ఏళ్ళు.
దేముడమ్మ ఇంటి ముందు బోరింగుకి
ఎవరో వచ్చి ఎర్ర రంగు పూసి పోయారు.

ఒక్కో అణువుకి మూడు క్లోరిన్లు, మూడు ముళ్ళు.
గుచ్చుకునేవే అనుకున్నాను చాలా రోజులు.
కాదు, వేసిన ముళ్ళు. వేసినవి విప్పొచ్చు.

విప్పేవాటికి గోళ్ళు లేవు, కళ్ళు లేవు.
వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండవు.
మనం ఆక్సిజన్ పీల్చినట్టు అవి ఆ విషాన్ని పీలుస్తాయి,
పీల్చినప్పుడల్లా ఒక ముడి జారుతుంది.
దయ కాదది. ఇంకోలా బతకడం రాదు వాటికి.
పుస్తకంలో పెద్ద పేరుంది, నాకు నోరు తిరగదు.
సన్నిబాబు "అడుగోళ్ళు" అంటాడు.

అనకాపల్లి నుంచి డ్రమ్ముల్లో బెల్లం మడ్డి తెప్పించాం.
నీళ్ళు కలిపి గొట్టంలో పోస్తుంటే
కాపలా కుర్రాడు అడిగాడు: "ఎవరికండీ పానకం?"
పానకం తాగేవి వేరే ఉంటాయని,
అవి వదిలే హైడ్రోజనే వీటి కూడని,
ఎంగిలి మీద నడిచే సంసారమని
చెప్పేసరికి అరగంట పట్టింది.
ఈలోగా చీమలొచ్చాయి.

మొదటి ఏడు లెక్క బాగానే దిగింది.
రెండో ఏడు రెండు ముళ్ళు విప్పి
మూడోదాని దగ్గర ఆగిపోయాయి.
ఆ ఒక్క ముడితో మిగిలిన వినైల్ క్లోరైడ్
మొదటిదానికన్నా చెడ్డది.
మా సారు రిపోర్టు ముందు పెట్టుకుని
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
"ముట్టుకోకుండా ఉండాల్సింది" అన్నాడు.
ఆ ఏడంతా దేముడమ్మ గుమ్మం తప్పించి
కాలవ గట్టు మీంచి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని.

మళ్ళీ బెల్లం. మళ్ళీ తాళం.
ఒక తుపాను షెడ్డు రేకులు ఎత్తుకుపోయింది.
కిందకి ఆ కబురు చేరలేదు.

నిన్న లెక్క వచ్చింది.
చివరి ముడీ విప్పుతున్నాయి.
మిగిలేది కాస్త ఉప్పు, ఇథిలీన్ అనే గాలి.

దేముడమ్మ మంచం కింద వరిగడ్డిలో
మామిడికాయలు మాగుతున్నాయి.
గడ్డి ఎత్తితే వెచ్చగా తగిలేదాంట్లో
ఉన్నదీ ఈ గాలే అని చెప్పాను.
నమ్మలేదు. ఒక కాయ నొక్కి చూసి
నా చేతిలో పెట్టింది.
"అయితే బోరింగు నీళ్ళు తాగొచ్చేటి?"
ఇంకా లేదమ్మా.
"మరెప్పుడేటి?"
అడుగోళ్ళని అడగాలి.

బస్సులో పండు ఒళ్ళో, సీసాలు ఐసుపెట్టెలో.
గాజువాక దాటాక మూత తీసి
మళ్ళీ ఒకసారి తలకిందులు చేసి చూశాను.
బుడగ లేదు.