ఎముకకు తెలిసేదాక

లెండి వాగు ఇసుక చల్లగున్నప్పుడే
తంగేడును బయటికి తీస్త.
తంగేడంటే పువ్వు కాదు,
నర్సూ సేటు మాలేగాం జాతరల కొన్న ఆడగుర్రం.
అప్పటికి నాలుగేండ్ల పిల్ల.
వొంటి పసుపు చూసి పేరు నేనే పెట్టిన.

"ఎన్నడు ఉరికిస్తవు సోపాన్?"
మొదటి రోజే అడిగిండు సేటు.
ఉరుకుడు దానికి పుట్టుకతోనే వచ్చు సేటూ,
నేర్పాల్సింది నడక.

ఏడాది నడకే.
రేగడి చెలకల్ల నడక, గుట్టెక్కుడు నడక, దిగుడు నడక,
మొరం బాట మీద మాత్రం లెక్కవెట్టుకొని.
దెగ్లూరు సంతకు పోయే ఆటోలు మమ్మల్ని దాటిపోతుంటె
వంకాయ గంపల మీదికెల్లి ఆడోళ్లు నవ్వేటోళ్లు:
"నువ్వు గుర్రాన్ని తోల్తున్నవా,
గుర్రమే నిన్ను సంతకు తోల్కపోతున్నదా?"

లాడాలు కొట్టే గఫార్ చాచా నవ్వలే.
గిట్ట ఒళ్లె పెట్టుకొని, నోట్ల మేకులతోనే చెప్పిండు:
"ఊపిరికి తొందరెక్కువ బేటా,
మూణ్నెల్లకే వచ్చి వాకిట్ల కూసుంటది.
కండ దాని ఎన్కనే వస్తది.
నరానికి ఏడాది.
ఎముక మాత్రం ముసలామె,
కట్టె పట్టుకొని, నిలవడుకుంట, నిలవడుకుంట
మూడేండ్లకు గడప తొక్కుతది.
ఊపిరి వచ్చింది గదా అని
ముసలామె రాకముందే తలుపేసినోళ్లను చూసిన.
వాళ్ల గుర్రాలను గూడ చూసిన."

పొద్దున లేవంగనే దాని కాళ్లు పట్టుకుంట.
మొక్కుడు కాదు.
మోకాలి కింద నరం వెంబడి బొటనవేలు జరుపుకుంట పోత.
నిన్నటికంటె వెచ్చగుంటె
ఆ రోజు దాని పని తినుడు, నా పని తినవెట్టుడు.
చిగురు నొక్కి ఇడుస్త, తెల్లగైంది ఎర్రగయ్యేలోపు
రెండు లెక్కవెట్టొద్దు.
మెడ తోలు గిల్లుత, గుడారం లెక్క నిలవడొద్దు.

గుండె లెక్క నా బిడ్డ సుగుణ రాసేది,
మూడో తరగతి నోటుబుక్కు ఎన్క పేజీలల్ల.
గుట్ట దిగంగనే నూట ఇరవై.
పది నిమిషాలకు యాభై ఆరు.
"నాయినా, మా సారు పెరిగే లెక్కలే చెప్తడు,
ఇదేంది, తగ్గితెనే పాసా?"

నాలుగేండ్లు దాటినంక, మాఘంల
ఎనభై కిలోమీటర్ల పందెం.
మూడు గేట్లు దాటినం. డాక్టరమ్మ గుండె విన్నది,
ఉరికిచ్చి నడక చూసింది, "పోవచ్చు" అన్నది.
ముంగట రెండే గుర్రాలు. మిగిలింది పదహారు కిలోమీటర్లు.
జీను బిగించి నాలుగడుగులు నడిపిన.
నాలుగు చప్పుళ్లల్ల ఒకటి
కొంచెం పొట్టిగ వినవడ్డది.
కండ్లకు కనవడేది కాదు. మళ్ల నడిపిన.
మళ్ల పొట్టిగనే.

జీను ఇప్పిన.

సేటు తిట్టిన తిట్లు మరాఠీల కొన్ని, తెలుగుల కొన్ని,
రెండిట్ల దొరకనియ్యి ఉర్దూల.
నేను కాళ్లకు తడిగుడ్డలు చుట్టుకుంట కూసున్న.
అది నా అంగీ జేబుల బెల్లం ఎతుక్కుంట నిలవడ్డది.
నెలాఖరుకు జీతం బిడ్డ చేత పంపిండు సేటు,
రెండు వందలు తక్కువ.

ఆ ముంగటి రెండు గుర్రాలను
నేను మళ్ల ఏ పందెంల చూడలే.
ఏమైనయో అడగలే.

ఇప్పుడు తంగేడుకు పదిహేడు.
మొన్న ఎనభై పూర్తి చేసి పద్నాలుగోది వచ్చింది,
ఇంటికొచ్చి దాణా తిని, పొర్లి, తుమ్మింది.
గఫార్ చాచా లేడు. ఆయన సుత్తె కొడుకు దగ్గరున్నది.
సేటు చేతికి కట్టె వచ్చింది;
సాయంత్రం వచ్చి దాని పక్కన నిలవడ్తడు,
ఆ రెండు వందల మాట ఇద్దరం ఎత్తం.

ఉద్గీర్‌ల పశువుల డాక్టరు చదివే సుగుణ
సెలవులకు వచ్చింది.
తెల్లారకముందే లేచి, మెడల గొట్టం ఏసుకోకుండనే
వంగి, మోకాలి కింద బొటనవేలు జరిపింది.

"చల్లగున్నది నాయినా."

అయితె పోదాం పా.
నడకే.