ఆరేళ్ళ లోపు

రిజిస్టరు పోస్టులో వచ్చింది ఒప్పందం,
ముసురుకి తడిసి, అంచులు ఉబ్బి.
ఇరవై రెండు పేజీలు.
సూదులు మరిగించే పెట్టె మూత మీద పరిచి ఆరబెట్టాను.
ఆరేళ్ళ లోపు పిల్లలందరికీ వైద్యం ఉచితం.
డబ్బు ప్రభుత్వం ఇస్తుంది,
తలకి ఇంతని, ఏడాదికి ఒకసారి.

కరుణమ్మగారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి
మందుల చీటీ వెనక భాగహారం వేశారు,
మూడు వందల అరవై అయిదుతో.
"అబ్బులూ, రోజుకి పిల్లకి ఒక అరటిపండు కూడా రాదు."
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
రేకుల కప్పు అప్పు ఇంకా తీరలేదు.
కాట్రేనికోన సెంటర్లో ముప్పయ్యేళ్ళ ఆసుపత్రికి
ఇప్పటికీ ఒకటే ఫ్యాను.

అమలాపురంలో డాక్టర్ల మీటింగు.
బిల్లులు వచ్చేసరికి ఆ పిల్లలకి పిల్లలు పుడతారన్నాడొకాయన.
ఉచితమంటే తుమ్మినా వస్తారండీ, ఆయ్, అన్నాడింకొకాయన.
ఎవరూ సంతకం పెట్టొద్దని ఒక గొంతు.
పెట్టకపోతే పక్కవాడు పెడతాడని ఇంకో గొంతు.
ఈవిడ టీ తాగి, పకోడీ పొట్లం కట్టించుకుని బస్సెక్కారు.
పందొమ్మిది రోజులు ఆ కాగితాలు
దగ్గుమందు సీసాల కిందే ఉన్నాయి.

మాకు వేరే పద్ధతి ఉంది మరి.
బాకీ పుస్తకం.
నీలం అట్ట, నా రాత, ఇది పదకొండోది.
మంగతాయారు, బాబుకి విరేచనాలు, అరవై, లేసు అమ్మాక.
లంకలో సూరప్ప మనవరాలు, కాలిన చెయ్యి, నూరు,
పాతిక కొబ్బరికాయలు ముట్టినవి.
ఎవరినీ అడగం. ఎవరినీ వెనక్కి పంపం.
అదే మా పుణ్యమనుకున్నాం ఇద్దరం,
బయటికి అనలేదు గానీ, అనుకున్నాం.

ఇరవయ్యో రోజు తెల్లారుతుండగా
బలుసుతిప్ప నుంచి ఓలేటి నూకరత్నం వచ్చింది,
భుజం మీద నాలుగేళ్ళ పిల్ల,
కళ్ళు తేలేసి, పళ్ళు కరుచుకుని.
జ్వరం ఎప్పట్నించి?
మొన్నట్నించండి.
ఫిట్సు?
రాత్రి రెండుసార్లండి.
మరి రాత్రే రాలేదేం, పడవ లేదా?

పడవ ఉందండి, మా ఆయనదే.
పుస్తకంలో నూటనలభై ఉందండి.
మొహం చెల్లలేదండి.

సూది పని చేసింది. తడిగుడ్డ పని చేసింది.
తొమ్మిదింటికి పిల్ల బిస్కెట్టు అడిగింది.
ఆ మాట మాత్రం గదిలోంచి పోలేదు.
నూటనలభై. నా అంకెలే.
సున్నా ఎంత గుండ్రంగా చుట్టానో.

డాక్టరమ్మ సీసాలు జరిపారు.
ఇరవై రెండు పేజీలకీ సంతకం,
మధ్యలో పెన్ను ఆగితే నా జేబులోది లాక్కుని.
ఎవరి మీదో ఫిర్యాదు రాస్తున్నట్టు
కోపంగా పెట్టారు.

తర్వాత అంతా బాగుందని చెప్పను.
నాలుగు నెలలైంది, మొదటి బిల్లు రాలేదు.
తుమ్మినా వస్తున్నారు, ఆయ్, నిజమే.
మొన్న ఒక నాయనమ్మ,
"మావాడికి గురువారం ఆరు నిండాయండి,
జ్వరం మాత్రం బుధవారమే మొదలైంది" అంది.
కంప్యూటర్లో దానికి గడి లేదు.
డాక్టరమ్మ వాణ్ణి బల్ల ఎక్కించి నాలుక చాపమన్నారు.

నిన్న నూకరత్నం మళ్ళీ వచ్చింది.
పిల్ల నడుస్తోంది ఈసారి.
అరిటాకులో పండుగప్ప, ఇంకా తడిగా.
పదకొండో నిబంధన ప్రకారం
ఏ రూపంలోనూ ఏదీ పుచ్చుకోకూడదని చెప్పాను.
"ఇది ఇప్పటి వైద్యానికి కాదండి.
మీ పుస్తకంలో పాతది ఉందిగా."

డాక్టరమ్మ చేపని చూశారు. నన్ను చూశారు.
పుస్తకం ఏది, అబ్బులూ?
దాంట్లో బరువులు రాస్తున్నానండి, వెనక నుంచి తిప్పి.
పదమూడు కేజీల రెండొందలు, ఈ పిల్ల.
అప్పటికన్నా ఆరువందల గ్రాములు ఎక్కువ.
మరి నూటనలభై?
ఆ పేజీ చెమ్మకి అతుక్కుపోయిందండి.

అబద్ధం. ముగ్గురికీ తెలుసు.
పిల్ల చేప కంట్లో వేలు పెట్టి చూస్తోంది.
మా ఇంట్లో పుల్ల మామిడికాయ ఉందని
నేనే అన్నాను.